మైకు ముందు ఆగినా

నిన్నటి నుంచి మా వీధిలో నన్ను చూస్తే చాలు, చిన్నాపెద్దా అందరూ చప్పట్లు కొడతా ఉండారు. మెచ్చుకుని కొడతా ఉండారనుకునేరు. ఏం జరిగిందో చెప్తా, టీ తాగతా వినండి.

నలుగురి ముందు నాకు నోరు పెగలదని మీకు తెలుసు గదా. బ్యాంకులో మేనేజరు "ఏం కావాలయ్యా" అంటే, "ఏం లేదు సార్" అని ఇంటికొచ్చేసిన రకం నేను. ఇట్లా అయితే లాభం లేదని ఆత్మకూరులో స్పీకింగ్ క్లాసుకు చేరినా. అక్కడి సారు ఆ ఎండలో టై బిగించుకుని, చెమటలు కారతా ఉంటే కాన్ఫిడెన్సు గురించి చెప్తాడు. కళ్ళలోకి చూడాలంట. చేతులు ఆడించాలంట. అన్నిటికంటే ముఖ్యం, అసలు విషయం చెప్పే ముందు ఆగాలంట. "ఆగితే జనం నీ మాట కోసం ఎదురుచూస్తారు. అదీ పవర్" అన్నాడు.

షేర్ ఆటోలో ప్రాక్టీసు చేసినా. మా ఊరు రాంగానే, "అన్నా, నన్ను..." అని ఆగినా. నేను ఆగినా గానీ ఆటో ఆగలా. పక్క ఊళ్ళో దిగి నడుచుకుంటా వచ్చినా. బుద్ధుంటే అక్కడే అర్థం కావాల్సింది.

ఇట్లా ఉండగా మా కాలవ పూడిపోయింది. చివరి పొలాలకు చుక్క నీళ్ళు రావడంలా. చివరి పొలం మాదే. వరి కంకి వెయ్యబోతా పొట్ట మీద ఉండాది, ఇప్పుడు తడి పడకపోతే గొడ్లకు మేతే. నాయనకు అన్నం సయించడంలా.

సరిగ్గా అప్పుడే పెద్ద ఆఫీసరు గ్రామసభకు వస్తాడని తెలిసింది. మామూలుగా మా ఊళ్ళో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని ఈసారి ఊరి తరపున ఒక్కరే మాట్లాడాలన్నాడు సర్పంచ్ మామ. నేను చెయ్యెత్తినా. నాయన నా వైపు అనుమానంగా చూసి, "కాలవలో పూడిక తీయించమని ఒక్క ముక్క చెప్పరా, చాలు" అన్నాడు. ఒక్క ముక్క చెప్పడానికి అంత ఫీజు కట్టి క్లాసుకు పోవాలా?

మైకు పట్టుకున్నా. ఆఫీసరు కళ్ళలోకి చూసినా. మా ఏరు పెన్నమ్మ గురించి, రైతు చెమట గురించి, మట్టి వాసన గురించి దంచినా. మా సర్పంచ్ మామ కళ్ళు తుడుచుకున్నాడు. ఇక అసలు విషయానికి వద్దామని, "సార్, మా కష్టం మీకు తెలుసు. మీ మనసు మాకు తెలుసు" అని, క్లాసులో సారు చెప్పినట్టు ఆగినా.

మా ఊళ్ళో మైకు గుంజుకుంటే తప్ప ఎవడూ ఆగడు. అట్లాంటిది వీడంతట వీడే ఆగినాడంటే, అయిపోయిందనుకున్నారు. చప్పట్లు, ఈలలు. ఆఫీసరు లేచొచ్చి, మా ఊరోళ్ళు తనకు కప్పిన శాలువానే తీసి నాకు కప్పినాడు. "ఇట్లాంటి కుర్రాళ్ళు ఉండగా ఈ ఊరికి ఏం లోటు?" అన్నాడు. ఆ లోటేందో చెప్దామని నోరు తెరిచేలోపల మైకు చేతులు మారింది. వందన సమర్పణ కూడా అయిపోయింది.

నాయన "సార్, కాలవ" అంటా కారు వెంట పరిగెత్తినాడు. ఆఫీసరు అద్దం దించి, "మీ అబ్బాయా? బాగా మాట్లాడతాడు" అని నవ్వి అద్దం ఎత్తుకున్నాడు.

నాయన రొప్పుకుంటా తిరిగొచ్చి నన్ను చూసినాడు. "అంతసేపు మాట్లాడితివే, కాలవ అనే మాట ఎక్కడన్నా వచ్చిందా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయినా. శాలువా కప్పుకుని ఎండిన మడి గట్టున కూర్చుంటే ఎట్లుంటుందో నన్నడగండి, చెప్తా.

ఇందాక ఫోనొచ్చింది. రేపు ఉదయగిరి సభకూ అదే ఆఫీసరు వస్తాడంట, స్వాగతం చెప్పడానికి ఆ కుర్రాడే కావాలన్నాడంట. పోతా. మైకు ఇవ్వంగానే ముందు కాలవ, తర్వాతే నమస్కారం.

నాయన కూడా వస్తానంటా ఉండాడు. స్టేజీ మీద నా వెనకే నిలబడతాడంట. నేను ఎక్కడన్నా ఆగితే పొడవడానికి ఎద్దుల ముల్లుకర్ర కూడా తెస్తాడంట.