తొంభై నాలుగు శాతం తేమ, పగిలిన మడమలు

నా ఫోన్‌లో వాతావరణం చెప్పే యాప్ గాలిలో నీళ్లెన్ని ఉన్నాయో చెప్పదు. శాతం మాత్రం చెబుతుంది. మొన్న చలికాలం, మంచు గోదావరిఖని వీధులన్నిటినీ కప్పేసిన ఒక పొద్దున, తేమ తొంభై నాలుగు శాతం అని చూపింది. ఆ పొద్దునే నా మడమలు పగిలి నెత్తురు వచ్చింది. "గాలి ఎండిపోయిందే" అంటూ కొబ్బరినూనె సీసా అందుకున్నానో లేదో, మా ఆవిడ ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. "తొంభై నాలుగు అని చూపెడుతుంది గదయ్యా! గాలి నిండ నీళ్లే. ఎండింది గాలి కాదు, నువ్వు. ముసలోడివైనవ్, ఒప్పుకో."

ముసలితనం ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు (ఇంకో పదేళ్లు పోయాక). తప్పుడు సాక్ష్యం మీద మాత్రం ఒప్పుకోను. చలిగాలి చిన్న గ్లాసు, అది నిండినా పట్టేది గుక్కెడు. మే నెల గాలి పెద్ద బిందె, అడుగున పావు వంతున్నా గ్లాసు కంటే ఎక్కువే. నిండింది, నిండలేదు అని చెప్పే యాప్, అది గ్లాసో బిందో చెప్పదేం? శాతం పక్కన గ్రాములు కూడా చూపండని యాప్ వాళ్లకు రాశాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని జవాబు. మళ్లీ రాశాను. మళ్లీ అంతే విలువ. చివరికి, లెక్క ఎక్కనివాళ్లకు కథైనా ఎక్కుతుందని నా తెల్ల అంగి సంగతి రాశాను.

నా పడుచు రోజుల్లో గాలి గురించి నాకు పాఠం చెప్పింది పుస్తకాలు కాదు, బొగ్గుగని, మా మాటలో బాయి. కొత్తగా డ్యూటీలో చేరాను. నస్పూర్‌లో పిల్లను చూడటానికి వెళ్లాలి, ఉన్నది ఒకటే తెల్ల అంగి. ఉతికితే చలికాలపు మంచులో రెండ్రోజులైనా ఆరలేదు. అదే బాయిలో పనిచేసే మా అక్క మొగుడు, బావ, నవ్వాడు. "ఫికర్ ఎందుకు బామ్మర్ది? బాయిల ఆరేద్దాం. చలికాలంల బాయి కింద అన్నీ ఎండుతయ్." పైన మంచులో తడిసిన గాలి కింద బాయిలోకి దిగి వేడెక్కితే దాహంతో ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. బావకూ తెలియదు, కాని అనుభవం ఉంది. పైగాలి లోపలికి వచ్చే దారిలో తీగ కట్టి, అంగి వేలాడదీసి పనికి పోయాం. షిఫ్టు దిగేసరికి అప్పడంలా ఆరింది.

ఆరింది నిజమే. అయితే ఆ గాలికే దారి పొడవునా బొగ్గుపొడి కూడా ఆరి, లేచి, నా అంగి మీదే విశ్రాంతి తీసుకుంది. దులిపితే ఇంకా లోపలికి ఇంకింది. మళ్లీ ఉతికితే మళ్లీ ఆరదు. "దూరంకెళ్లి తెల్లగనే కనబడతది, నడు జల్ది" అన్నాడు బావ.

దూరం నుంచి ఎవరు చూశారు? పిల్ల చాయ్ ఇస్తూ నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, వాళ్లవ్వ చెవిలో, అందరికీ వినబడేలా అడిగింది. "అవ్వా, ఈయన బాయిలకెళ్లి సక్కగ ఈడికే వచ్చిండా ఏంది?" బావ తడుముకోకుండా "మా బామ్మర్దికి పని మీద గంత ప్రేమ" అన్నాడు. ఆ పిల్లే ఇప్పుడు నా మడమలు చూసి నవ్వుతున్నది.

ఇదంతా రాసి, కింద ఒక్క ముక్క అడిగాను: నా మడమలు పగిలింది గాలికా, వయసుకా? ఈసారి యాప్ వాళ్ల జవాబులో విలువ గురించి ఏమీ లేదు. మా ఆవిడకు వినబడేలా పైకి చదివాను:

"అయ్యా, వచ్చే చలికాలంలోపు యాప్‌లో గ్రాములు కూడా చూపిస్తాం. మా ఊళ్లోనూ పొద్దున తేమ తొంభై దాటే చూపిస్తుంది, అయినా నా మడమలూ పగిలే ఉన్నాయి. నాకింకా పెళ్లే కాలేదు. ఈ మాట అమ్మగారికి చెప్పండి. పెళ్లిచూపులకు మాత్రం నల్ల చొక్కా వేసుకుని వెళ్తాను."