తాత నడిపిన మరుగుజ్జుల సేన

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని యుద్ధవిద్య లేదు. కోలారు దగ్గరి నరసాపురంలో ఉన్న బైకుల ఫ్యాక్టరీలో ట్రైనీగా నట్లు బిగించి, కంపెనీ బస్సులో మా బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటకు తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా మనసులో సేనల్ని నడిపేవాణ్ణి. అట్టమీద బొమ్మలతో ఆడే యుద్ధం ఆట అది. ఒకవైపు రాక్షసులు, ఇంకోవైపు కొండ కింద సొరంగాల్లో బతికే మరుగుజ్జులు. నేనెప్పుడూ మరుగుజ్జుల పక్షమే. (గని కార్మికుడి మనవణ్ణి, పైగా అయిదడుగుల రెండంగుళాల వాణ్ణి. ఇంకెవరి పక్షం ఉంటాను?) ఈ ఆట పిచ్చి ఉన్న మా బస్సు జట్టులోంచి ఒక్కరే బెంగళూరు పోటీకి వెళ్లాలి. ఆఖరి ఆట నాకూ, బస్సులో కూర్చున్నా హెల్మెట్ తీయడు కాబట్టి మేమంతా హెల్మెట్ అని పిలిచే మిత్రుడికీ. ఆ పోటీకి పోకపోతే నా బతుకు వృథా అని నిజంగానే నమ్మాను.

ఆదివారం మా ఇంట్లోనే ఆట. ముప్పై ఏళ్లు గనిలో దిగి కూడా ఇంట్లో దాని గురించి ఎన్నడూ నోరు విప్పని మా తాత, స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. నేను మరుగుజ్జుల్ని మైదానంలో వరసగా నిలబెట్టడం చూసి ఉండబట్టలేకపోయాడు.

“పొట్టోళ్ళని బయట ఏంటికి నిలబెడతావప్పా? ఆ పొడుగోళ్ళని లోపలికి రానీ. నడుం వంచినోడు గొడ్డలి ఎత్తలేడు. మనోళ్ళకి వాళ్ళ మోకాళ్ళు సరిగ్గా అందుతాయి.”

అలాగే చేశాను. రాక్షసులు సొరంగంలో దూరి, వంగలేక నానా అవస్థ పడ్డారు. అదను చూసి పైకప్పు కూల్చేశాను. వాళ్ల సేన సగం పోయింది. (నావాళ్లు ముగ్గురు రాళ్ల వెనక చిక్కుకున్నారు. దాన్ని నేను పట్టించుకోలేదు.) హెల్మెట్ కోటకు కావలి లేదు, ఇంకొక్క ఎత్తు చాలు. అంతలో టీ తీసుకుపొమ్మని అమ్మ కేకేసింది. “తాతా, ఈ ఐదుగుర్నీ నేరుగా కోటలోకి జరుపు, అంతే” అని చెప్పి, గెలిచినవాడి ధీమాతో లోపలికి పోయాను.

వచ్చేసరికి ఐదుగురూ కోటకు వీపు తిప్పి, కూలిన రాళ్ల దగ్గర నిలబడి ఉన్నారు. కింద పెట్టిన బొమ్మను మళ్లీ ఎత్తకూడదన్నది ఆట నియమం. హెల్మెట్ రెండే ఎత్తుల్లో నా కోట పట్టేశాడు. (నవ్వు దాచుకోవడానికి ఆ హెల్మెట్ బాగా పనికొచ్చింది.)

“ఏం పని చేసినావు తాతా? గెలిచే ఆట కదా” అని గట్టిగానే కసిరాను.

“లోపల మనోళ్ళు ముగ్గురు ఉండారు కదప్పా. రాయి పడితే ఇంగ వేరే పని ఉండదు. అందరూ ఆడికే పోవల్ల.”

“అవి బొమ్మలు తాతా.”

“బొమ్మలే లేప్పా” అన్నాడు, వాటినే చూస్తూ. “ఆ పొద్దు రాయి ఆగకుండా రాలతా ఉన్నింది. మేం పోలేకపోతిమి.”

తర్వాత ముగ్గురి పేర్లు చెప్పాడు. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

బెంగళూరుకు హెల్మెట్ పోయి, మొదటి ఆటలోనే ఓడి వచ్చాడు. నేనిప్పటికీ సెలవు దొరికితే ఆడతాను. ఎన్ని ఎత్తులు నేర్చినా, రాయి పడగానే నా సేన మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఎదుటివాళ్లు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది. తాత పోయాక ఒక్క ఆటా గెలవలేదు, ఒక్క మరుగుజ్జునీ లోపల వదిలి రాలేదు.