స్కానర్ నుదుట బొట్టు

విశ్వేశ్వరరావుది గాలిని నమ్ముకున్న ఉద్యోగం. వైర్లు లేకుండా సిగ్నల్ ఏ మూలకు ఎంత చేరుతుందో కొలిచి, ఏ దూలానికి ఏ పెట్టె బిగించాలో ప్లాను గీస్తాడు. రెండు వేల సంవత్సరంలో సింగపూర్‌లో ఆ పని తెలిసిన తెలుగువాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఈయన చిటికెన వేలు. తణుకు నుంచి వచ్చి ఆరు నెలలే అయింది. బుకిట్ బటోక్‌లో అద్దె ఫ్లాటు, ఇంకా పర్మనెంటు కాని కొలువు.

జురాంగ్‌లోని సాసు సీసాల గోడౌను ఆయన సొంతంగా గీసిన మొదటి ప్లాను. అట్టపెట్టెకు బార్‌కోడ్ లేబుల్ అంటించి చేతి స్కానర్‌తో చూపిస్తే చాలు, సరుకు ఎక్కడుందో గాలిలోనే ఆఫీసు కంప్యూటర్‌కి చేరిపోవాలి. యజమాని క్వెక్ పదకొండింటికి వచ్చి, చూసి సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే ఏమవుతుందో ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే ఆయన్ని భయపెట్టింది.

అందుకే పొద్దున్నే భార్య సత్యవాణి పసుపూ కుంకుమా పొట్లం కట్టిచ్చింది. "కొత్త మెషిన్లండీ, పూజ చెయ్యకుండా ముట్టుకోకండి" అని మరీ మరీ చెప్పింది. మన ఇంజనీరు ఎవరూ రాకముందే లేబుళ్ళ ప్రింటర్‌కీ, మూడు స్కానర్లకీ తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, అగరొత్తి వెలిగించాడు. స్కానర్‌కి నుదురు ఎక్కడుంటుందో ఏ మాన్యువల్‌లోనూ లేదు. ముందువైపు గుండ్రంగా నున్నగా ఉన్నచోటే నుదురనుకున్నాడు.

తొమ్మిదింటికి మొదలుపెడితే ఒక్క స్కానర్ కూడా "బీప్" అనలేదు.

ఆయన చూపు సిగ్నల్ కొలిచే మీటరు మీద నుంచి సరాసరి కప్పు మీదికి పోయింది. సీసాల్లోని సాసు సిగ్నల్‌ని తాగేస్తోందని తేల్చేశాడు. నిచ్చెనెక్కి దూలానికి బిగించిన సిగ్నల్ పెట్టె తిప్పాడు, దిగాడు. మళ్ళీ ఎక్కాడు. లేబుళ్ళు మసగ్గా వచ్చాయేమోనని నల్లగా, ఇంకా నల్లగా మూడుసార్లు ప్రింటు చేశాడు. చొక్కా తడిసింది. గడియారం పదిన్నర దాటింది.

ఇదంతా కుమారమ్మ ప్యాకింగ్ బల్ల దగ్గర నుంచి చూస్తూనే ఉంది. ముప్పైయేళ్ళుగా ఈ గోడౌనులో పెట్టెల మీద మార్కర్‌తో పేర్లు రాసిన ముసలమ్మ. ఆమె తాత వాల్తేరు నుంచి ఓడెక్కి వచ్చాడు.

"ఏటి తంబీ, కప్పు మీద బల్లిని పడతన్నావా?"

"కాదు ఆంటీ, సిగ్నల్..."

"గాలికేటి రోగం? ముందు మెషిన్ మొకం చూడు. అలామాక్, ఓరి దేవుడో! కంట్లో కుంకం కొట్టి, చూడు చూడంటే అదెలా చూస్తాది?"

విశ్వేశ్వరరావు స్కానర్‌ని తిప్పి చూశాడు. ఎర్ర వెలుగు బయటికి రావలసిన అద్దం మీద రూపాయి బిళ్ళంత బొట్టు! మూడింటికీ అంతే. భక్తిలో లోపం చెయ్యలేదు మరి.

చేతిరుమాలు తడిపి రుద్దుతున్నాడు, క్వెక్ వచ్చేశాడు.

"కెన్ ఆర్ నాట్?" అవుతుందా, కాదా అని సింగపూర్ ఇంగ్లీషులో అడిగాడు.

కుమారమ్మ స్కానర్ లాక్కుని పెట్టెకు చూపించింది. బీప్! ఆమె మొహం విచ్చుకుంది. పక్క పెట్టె, ఆ పక్క పెట్టె, చివరికి విశ్వేశ్వరరావు జేబుకు వేలాడే బార్‌కోడు ఐడీ కార్డు కూడా. బీప్, బీప్!

"మరి పొద్దుటి నుంచీ పనిచెయ్యలేదని విన్నాను, ఎందుకని?" క్వెక్ ఇంగ్లీషులో అడిగాడు.

'చిన్న సిగ్నల్ సర్దుబాటు సార్' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కుమారమ్మ కళ్ళెగరేసింది. ఆయన పసుపూ కుంకుమా అంటిన రుమాలు చాపి, ఉన్నదంతా చెప్పేశాడు.

క్వెక్ ఆగకుండా నవ్వాడు. "నేనైతే కొత్త లారీ చక్రం ముందు శుభమని కమలాపళ్ళు పెట్టి, తియ్యడం మరిచి, మొదటిరోజే వాటి మీంచి నడిపించాను, లా!" అన్నాడు సింగపూర్ యాసలో.

సాసు పెట్టె మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. చేసి, మెషిన్‌కి బొట్టు లేకుండా పని మొదలుపెట్టకూడదని పట్టుబట్టాడు.

"ఈసారి నేను పెడతా, నీకు చూపానదు" అంది కుమారమ్మ. చెవులదాకా ఎర్రబడ్డ విశ్వేశ్వరరావు, పెళ్ళికూతురి గడ్డం ఎత్తి పట్టుకున్నట్టు, రెండు చేతులతో స్కానర్‌ని కదలకుండా పట్టుకున్నాడు. ఆమె ఎంతో నేర్పుగా పిడి మీద బొట్టు పెట్టింది.