పెద్దత్త రిహార్సల్ చేయించని రంగం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు పోట్లాడుకున్నా మా పెద్దత్త మధ్యలోకి వెళ్ళేది కాదు. ఒక మూల కూర్చుని శ్రద్ధగా వినేది. ఆ మాటలన్నీ దసరాకి నాటకంలో తేలేవి. ఆవిడ నాన్నకు అక్క. మాతోనే ఉండేది. పగలంతా బర్మాలో మేముండే పజుండౌంగ్ పేటలో లుంగీల దుకాణం, సాయంత్రమైతే కుటుంబ నాటకాలు రాసే సరదా. చూసేవాళ్ళు మా చుట్టుపక్కల తెలుగువాళ్ళే, వేసేవాళ్ళం మేమే. తెలుగు చదవడం రాని నాలాంటి పిల్లలకు మా మాటలు బర్మా అక్షరాల్లో రాసిచ్చేది.

ఒక ఏడు వచ్చిన గొడవ మా చిన్నాన్నది. కింది అంతస్తులో టీ కొట్టు నడిపే బర్మావాళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడు. చేసుకుంటే ఇల్లు వదిలి పొమ్మన్నాడు నాన్న. మన భాష పోతుంది, మన దేవుడు పోతాడు, రేపు పుట్టేవాళ్ళు ఎవరి పిల్లలని నిలదీశాడు. దసరా కాగానే పోతానని చిన్నాన్న పెట్టె సర్దుకున్నాడు. నన్ను బడికి దింపేదీ, జ్వరమొస్తే కథలు చెప్పేదీ ఆయనే. నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. బడిలో కూర్చున్నా ఆ పెట్టె ఇంకా మంచం కింద ఉందో లేదోనని బెంగ. ఇంటికి రాగానే సంచీ విసిరేసి మంచం కిందికి దూరేదాన్ని.

అత్త రాసిన నాటకంలో ఒక అన్న, మాట వినని తమ్ముణ్ణి ఇంట్లోంచి పంపేస్తాడు. అన్న వేషం చిన్నాన్నకు, తమ్ముడి వేషం నాన్నకు ఇచ్చింది. నాన్న మొహం చిట్లించాడు.

"అన్న మాటే నెగ్గుతాదిరా. ఇల్లొగ్గేసి పోయీవోడు సూసీవోల్లని ఏడిపించాల. అది నీకు తప్ప ఎవుడికొచ్చు?" అంది అత్త.

నాన్న ఉబ్బిపోయాడు. రిహార్సల్స్‌లో ఇంట్లో తను తిట్టిన మాటలనే చిన్నాన్న తనకు అప్పజెబుతుంటే, బాగా రాశావని అక్కను మెచ్చుకున్నాడు కూడా. మన భాష, మన దేవుడు, అన్నీ ఉన్నాయి అందులో. అత్త నాన్న వైపు చేరిపోయిందనుకుని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ పెట్టిన అటుకుల ఉప్మా కూడా తినలేదు.

చివరి రంగం మాత్రం ఆవిడ ఎప్పుడూ రిహార్సల్ చేయించేది కాదు. ఏడుపు ముందే అయిపోతే ఆ రోజుకి ఏమీ మిగలదని ఆవిడ నమ్మకం. మాటలు బట్టీపట్టి నేరుగా స్టేజీ ఎక్కాల్సిందే.

దసరా రోజు గుడి హాల్లో ఉక్కపోతకు జనం విసనకర్రలు ఊపుకుంటున్నారు. స్టేజీ మీద చిన్నాన్న గుమ్మం చూపించి పొమ్మన్నాడు. నాన్న పెట్టె అందుకున్నాడు. అది చిన్నాన్న సర్దుకున్న పెట్టే, అత్త అదే తెప్పించింది. అన్న కూతురి వేషం నాది. పరుగెత్తి వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకున్నాను.

"సిన్నాన్నా, మల్లీ ఎప్పుడొస్తావు?"

"ఇంక రాను" అని నాన్న వెళ్ళిపోతే నాటకం అయిపోతుంది. నోరు తెరిచాడు, మాట రాలేదు. తెర వెనక నుంచి అత్త ఆ మాట అందించింది. ముందు వరసకు వినబడేలా మళ్ళీ అందించింది. నాన్న నన్ను చూశాడు, ఎదురుగా ఉన్న తమ్ముణ్ణి చూశాడు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను అదే ప్రశ్న మళ్ళీ అడిగాను, ఈసారి నిజంగానే ఏడుస్తూ. నాన్న పెట్టె కింద పెట్టి దాని మీదే కూలబడ్డాడు. అత్త తెర లాగేసింది.

ఇంటికొచ్చాక ఆవిడ నాన్న మీద విరుచుకుపడింది.

"నా నాటకం తగలెట్టీసావు గదరా! ఆ ఒక్క ముక్క అనడానికేటి నొప్పి నీకు?"

"నాను అన్లేనప్పా," అన్నాడు నాన్న అక్కతో, తల ఎత్తకుండానే. "తమ్ముడిసేత కూడా అనిపించకు."

చిన్నాన్న ఎక్కడికీ వెళ్ళలేదు. పెళ్ళిలో నాన్న ముభావంగానే తిరిగాడు గానీ, కొత్త పిన్ని మా అంతస్తుకే వచ్చింది. నాన్నకు తమ్ముడి వేషం కావాలనే ఇచ్చావా అని పెద్దయ్యాక అత్తను అడిగితే, నాటకం చెడిపోయిందని మళ్ళీ తిట్టుకుంది.

నాది నాన్న కోపమే. ఇంత వయసొచ్చినా ఇంట్లో ఎవరినో ఒకరిని పొమ్మనాలని నాలుక దురద పెడుతూనే ఉంటుంది. అప్పుడు వంటింట్లోకి పోయి తలుపేసుకుని, అవతలివాళ్ళ వేషం నేనే వేస్తాను. ఆ మాట విన్నవాళ్ళు ఏమంటారో పైకి అని చూస్తాను. చాలాసార్లు నాన్నలాగే సగంలో ఆగిపోతాను. తలుపు తీసి, వాళ్ళను అన్నానికి పిలుస్తాను.