సార్ కార్డు మీద కట్టిన ఫీజు

పరాయి దేశపు ఆసుపత్రులకి నేను ముందుగానే డబ్బు కట్టాను. మా అమ్మాయి అక్కడ చదువుకున్నన్నాళ్ళూ దగ్గో జ్వరమో రావచ్చట. ఆ రాబోయే జ్వరానికి ఇక్కడే, విమానం ఎక్కకముందే రుసుము. వీసా ఫీజు వేరే. రెండూ కడితేగానీ అది దరఖాస్తు కిందే లెక్క కాదు. ఇదెక్కడి న్యాయమే అంటే, "అమ్మా, బ్రిటన్ ప్రభుత్వం నీతో వాదించదు, కట్టేద్దాం" అంది. నాతో వాదించని వాళ్ళంటే నాకు మొదట్నించీ అనుమానమే.

నేను డబ్బింగ్ చెబుతాను. తెర మీద ఒక జమీందారు పెళ్ళామో మంత్రిగారి అక్కో నోరు పారేసుకుంటూ ఉంటే, నోరు ఆ నటిది, గొంతు నాది. బయట కూడా నీకు అదే గొంతు కదా అని మా వాళ్ళు ఎత్తిపొడుస్తారు. అవును, ఇంకో గొంతు ఎక్కణ్ణుంచి తేను? పిల్లని ఇంట్లో వదిలేసే వీలు లేక నాతోపాటు డబ్బింగ్ థియేటర్లకి తీసుకెళ్ళేదాన్ని. మైకు దగ్గర నేనుంటే, అద్దానికి అవతల ఇంజనీరు పక్కన అది కూర్చునేది. అలా ఆ పిచ్చి పట్టుకుంది. డిగ్రీ అయ్యాక ఫిల్మ్ నగర్‌లోనే ఒక స్టూడియోలో అసిస్టెంటుగా చేరింది. రేకుల మీద పడే వానకీ పెంకుల మీద పడే వానకీ తేడా కోసం పూటంతా కూర్చోగలదు. లండన్ దగ్గరి ఒక యూనివర్సిటీ సౌండ్ కోర్సులో సీటిచ్చి, చదువు ఫీజులో సగం మాఫీ చేసింది. మాఫీ ఈ ఏటికి మాత్రమే. ఆ సగం లేకపోతే మాకు ఆ చదువు అందేది కాదు.

చదువు ఫీజు మొదటి విడత బ్యాంకు ద్వారా పంపాం. వీసా డబ్బులు మాత్రం కంప్యూటర్లో, కార్డుతో కట్టాలి. మా ఇద్దరి కార్డులూ విదేశం పేరు వినగానే మొరాయించాయి. బ్యాంకుకి వెళితే, నెలజీతం లేదు కదా మేడమ్, పరిమితి పెంచాలంటే పైనుంచి అనుమతి రావాలి, టైము పడుతుంది అన్నారు. ముప్పై ఏళ్ళుగా కష్టపడుతున్నదాన్ని, ఆ కౌంటర్ ముందు ఉద్యోగం లేని మనిషినైపోయాను.

ఇలాంటప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఎవరూ బ్యాంకు చుట్టూ తిరగరు. ఎవరో ఒక సార్ దగ్గరికి వెళతారు. స్కూల్లో సీటు, పెద్దాసుపత్రిలో మంచం, స్టేషన్లో ఒక మాట, అన్నీ సార్ చూసుకుంటారు. నేను ఎన్నో సినిమాలకి గొంతిచ్చిన ఒక నిర్మాత ఉన్నారు. ఆయన మేనేజరుకి ఫోన్ చేశాను. "ఫికర్ చేయకు అక్కా, సార్‌కి చెప్పిన. బిడ్డను తీస్కొని రా" అన్నాడు.

జూబ్లీ హిల్స్‌లో ఆయన ఇల్లే ఆఫీసు. లోపల కథ సిట్టింగ్ నడుస్తోంది. మేం వరండాలో కూర్చున్నాం, అమ్మాయి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని. మేనేజరు కంపెనీ కార్డు తెచ్చాడు, అమ్మాయి నంబరు కొట్టింది. ఓటీపీ వెళ్ళేది సార్ ఫోనుకి. ఈలోగా గడువు అయిపోతుందేమోనని మా ప్రాణాలు కొట్టుకుంటుంటే, సార్ తనే లేచి బయటికొచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఒక్కో అంకె డైలాగులా చదివారు. ఏం చదువుతావమ్మా అని అడిగారు. సౌండ్ అంటే, "మన దగ్గర లేని సౌండా?" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయారు. రెండు ఫీజులూ కట్టినట్టు తెర మీద పడింది.

డబ్బు కవరులో పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి తీసుకెళ్ళాను. మేనేజరు అది తీసుకుని అలాగే టేబుల్ సొరుగులో పడేశాడు. రాసుకోవా అని అడిగాను.

"మనలో మనకు రాతలేంది అక్కా."

ఆ ఆఫీసు పద్ధతి అంతే. లైట్‌మన్ రోజువారీ బత్తాకి రాత లేదు, జూనియర్ ఆర్టిస్టుల టిఫిన్‌కి లేదు, నాకిచ్చే దానికి కూడా చాలాసార్లు లేదు. రాయమని అడగడం అంటే నమ్మకం లేదని చెప్పడం. రాయించుకోకుండానే వచ్చేశాను.

వీసా ఆఫీసులో వేలిముద్రలిచ్చి వచ్చాం. అమ్మాయి స్టూడియోలో మానేస్తున్నానని చెప్పేసింది. దాని కుర్చీలో ఇంకో పిల్ల చేరింది. వీసా ఇవాళ రేపు అనుకుంటుండగా మెయిలొచ్చింది. అమ్మాయి చదివి, లాప్‌టాప్ నా వైపు తిప్పింది. కార్డు యజమాని చెల్లింపును వెనక్కి తీసుకున్నందువల్ల మీ దరఖాస్తు చెల్లదు, మళ్ళీ మొదట్నించీ చేసుకోండి, అదీ సారాంశం. కోర్సులో చేరాల్సిన ఆఖరి తేదీ ఆ పక్క వారమే.

ఆటో ఎక్కి నేరుగా జూబ్లీ హిల్స్ వెళ్ళాను. మేనేజరు మొహంలో రంగు లేదు. లోపల లెక్కలు చూసే ఆడిటరు ఉన్నాడు. మర్యాదస్తుడు, కుర్చీ చూపించి మరీ చెప్పాడు. కార్డు స్టేట్‌మెంట్‌లో విదేశీ ఖర్చు కనబడిందట. ఏ సినిమా కిందా రాయలేదు, ఎవరి పేరూ లేదు. సార్, మేనేజరూ లొకేషన్లు చూడ్డానికి వెళ్ళి ఉంటే సార్‌కి ఫోన్ చేసి అడిగాడట. సార్ తెలియదన్నారట. ఎవరో దొంగతనంగా వాడారని బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే, బ్యాంకు డబ్బు వెనక్కి ఇప్పించింది. తన పని తను చేశాడు. తప్పు పడదామని అటూ ఇటూ చూశాను, ఎక్కడా దొరకలేదు.

సార్ వచ్చారు. నేను నిలబడే ఉన్నాను.

"ఆ రోజు అంకెలు మీ నోటితోనే చదివారు సార్. ఇదే వరండాలో."

"చదివుంటానమ్మా. రోజుకి ఎన్ని చదువుతాను."

అబద్ధం ఆడితే కడిగిపారేద్దును. ఆయన నిజమే చెబుతున్నారు.

అప్పటికి అమ్మాయి యూనివర్సిటీకి రాసి జవాబు తెప్పించుకుంది. పొరపాటు కార్డు యజమానిదేనని ఆయన సంతకంతో ఒక కాగితం పంపితే, ఎక్కువ రుసుము కట్టి త్వరగా తేల్చే పద్ధతిలో మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి, అది తేలేదాకా సీటు ఆపుతామన్నారు. ఆ సంగతి చెప్పాను. ఒక్క కాగితం చాలు సార్ అన్నాను. ఆయన వెంటనే, రాయవయ్యా, సంతకం పెడతాను అన్నారు. ఆ క్షణం ఆయన దేవుడే.

ఆడిటరు కలం తీయలేదు. "సార్, కంపెనీ కార్డు బయటివాళ్ళకి వాడుకోనిచ్చి క్యాష్ తీసుకున్నామని మనమే రాసిస్తే, రేపు ట్యాక్స్ వాళ్ళకి ఏం చెప్తాం? పైగా బ్యాంకుకి ఫ్రాడ్ అని చెప్పి ఉన్నాం."

సార్ కాసేపు గోడ మీది షీల్డుల వంక చూశారు. వాటిలో ఒకటి నేను గొంతిచ్చిన సినిమాదే. "డబ్బైతే పోలేదు కదమ్మా. వచ్చే ఏడు పంపుదాం. చిన్నపిల్లేగా."

వచ్చే ఏటికి మాఫీ ఉండదని చెప్పాను. మీ మతిమరుపు ఖరీదు నా కూతురు కడుతోందని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను, తెర మీద చెప్పే గొంతుతోనే. ఆయన కోప్పడలేదు. తల దించుకుని విన్నారు, విని లోపలికి వెళ్ళారు. కాగితం రాలేదు.

మేనేజరు సొరుగు లాగి కవరు తీసిచ్చాడు. నేను వేసిన రబ్బరు బ్యాండు అలాగే ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ దాన్ని విప్పనే లేదు.

ఇంటికొస్తే అమ్మాయి అడిగింది, తిట్టావా అని. తిట్టానన్నాను. "అయితే ఆయన కొత్త సినిమాలో నీ డబ్బింగ్ పోయినట్టే" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని, నాకూ ఒక పనుండేది. ఆఖరి తేదీ రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. వాటిలో ఏమీ మోగడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. తీగ కిందికి వేలాడుతోంది, దేనికీ తగిలించలేదు.

కొన్నాళ్ళకి మేనేజరు ఫోన్ చేశాడు. సినిమా పోలేదు. "నీ గొంతే కావాలంటున్నరు అక్కా, రేపు పొద్దుగాల రా." రానని పెట్టేశాను. వంటింట్లోంచి అమ్మాయి అంది, "వెళ్ళు. వచ్చే ఏడు మొత్తం మనమే కట్టాలి." నా మొహం చూడకుండా ఉల్లిపాయలు తరుగుతూనే అంది. మళ్ళీ ఫోన్ చేసి, వస్తాను గానీ ప్రతి రూపాయికీ వోచర్ రాసి సంతకం పెట్టించాలని చెప్పాను. అతను నొచ్చుకున్నాడు.

"నా మీద నమ్మకం పోయిందా అక్కా?"

"పోయింది."

పొద్దున్నే థియేటర్లో మైకు ముందు నిలబడ్డాను. తెర మీద ఒక పెద్దింటావిడ ఎవరినో గుమ్మంలోంచి వెళ్ళగొడుతోంది. ఆ మాట నేను చెప్పేసరికి గాజు అవతల ఇంజనీరు చెయ్యెత్తి ఆపాడు. మేడమ్, మరీ ఎక్కువైంది, ఆవిడ పెదాలు అంత తెరుచుకోలేదు అన్నాడు. మళ్ళీ చూశాను. నిజమే, ఆవిడ కోపం చిన్నది, నోరు సగమే తెరిచింది. నా మాట ఆ సగంలోకి పట్టాలి. మంచినీళ్ళు తాగి, మళ్ళీ వెయ్యమన్నాను.