మాస్టారు ‘సరే’ అన్న సాయంత్రం

మొన్న మా వీధిలో పెళ్ళి. వానకి నానిన షామియానా గుడ్డ వాసన తగలగానే సూర్నారాయణ మాస్టారు గుర్తొచ్చారు. విస్తరి ముందు కూర్చోలేక ఇంటికి వచ్చేశాను.

మాస్టారిది బొబ్బిలి. ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. తొంభైల్లో, భిలాయి సెక్టర్ 2లో హిందీలోనే పెరిగిన మా తెలుగు పిల్లలకి నాటకం నేర్పింది ఆయనే. ఆయన కథ సగమే రాసేవారు. మధ్యలో ఆట ఆపి, "ఇప్పుడేటి సెయ్యాలో మీరే వొచ్చి ఆడండి" అని జనాన్ని పిలిచేవారు. పక్కింటాయన లేచి వేషంలోకి దూకేసరికి, అంతదాకా కబుర్లాడుకుంటున్నవాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూసేవారు. "అవతలోళ్ళు ఏటన్నా కాదనకండి. సరే అని అందుకోండి" అన్నదొక్కటే మాకు నియమం. నేను తడబడితే, "నీ మాట కాదమ్మాయ్, ఎదటోళ్ళ మాట ఇను" అనేవారు. తెలుగులో నోరు విప్పే ధైర్యం నాకు అలా వచ్చింది.

ఒక వానాకాలం సాయంత్రం షామియానా కింద ఆడుతున్నాం. మాస్టారు భర్త, నేను భార్య. గొడవపడి, అన్నం ముట్టకుండా భర్త డ్యూటీకి బయలుదేరతాడు. అక్కడ ఆపి, "ఈ మనిసిని ఆపగలిగినోళ్ళు రండి" అన్నారు. వెనక నుంచి ఒకామె వచ్చి నా చేతిలోని ఖాళీ కంచం తీసుకుంది.

"కోపం నా మీద గదా, కూడు మీదేటి? తినీసి ఎల్లు" అంది.

మాస్టారు కూర్చుని, లేని అన్నం కలుపుకుని తిన్నారు. ఆమె కొంగుతో ఆయన మూతి తుడిచింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఈయాల ఎల్లొద్దు" అంది.

మాస్టారు ఆమె ముఖంలోకి చూశారు. "సరే, ఎల్లనులే" అన్నారు.

జనం లేచి వెళ్ళిపోతున్నా ఆమె ఆయన చెయ్యి వదల్లేదు. "మరయితే ఇంటికి పద" అంది. ఆమె తమ్ముడు పరుగున వచ్చి, "దీదీ, నాటకం. అయిపోనాది" అంటూ వేళ్ళు విడదీశాడు. ఆమె పెట్టిన కేక ఎలా రాయాలో నాకు తెలియదు. ఆ ఏడాదే ఆమె భర్త అలాగే అలిగి సైకిలెక్కి, దారిలో లారీ కింద పడ్డాడని తమ్ముడే చెప్పాడు.

"పోయినోడిని తెచ్చి ఇచ్చాను, మల్లీ లాగీసుకున్నాను" అన్నారు మాస్టారు.

"కాదంటే మాత్రం ఆవిడ ఊరుకునేదా?" అన్నాను.

"అదే తెల్దమ్మాయ్."

ఆయన మళ్ళీ నాటకం ఆడలేదు. రిటైరై బొబ్బిలి వెళ్ళాక ఒకసారి చూడబోయాను. నా చదువూ ఉద్యోగమూ ఏవీ అడగలేదు. "ఆవిడ ఎలాగున్నాది?" అన్నారు. ఆమె ఎవరితోనూ మాట్లాడటం మానేసిందని విన్నాను. ఆ సంగతి చెప్పలేక, తెలియదన్నాను. ఆ చలికాలమే ఆయన పోయారు.

ఇప్పుడు నేనూ నాటకం నేర్పుతాను. చూసేవాళ్ళలోంచి ఎవరైనా లేచి వస్తే, ముందు పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని మెల్లగా అడుగుతాను. దాంతో ఆట చప్పబడిపోతుంది. జనం విసుక్కుంటారు. అయినా అడగకుండా ఉండలేను.