మా పేరు కోసం గిద్దలూరు మీదికి దండయాత్ర

ఒకే ఒక్క ఈమెయిల్ చదివి, సొంత మేనమామకు దొంగ అని పేరు పెట్టి, చివరికి మా నాయన పేరునే పోగొట్టిన ఘనుణ్ణి నేను. ఇందులో ఆ మెయిల్ పంపినవాడి పాత్ర తక్కువ. మిగతాదంతా నా స్వయంకృషి.

మార్కాపురంలో మాది పలకరాళ్ళ వ్యాపారం. బడిపలకలు కొనేవాళ్ళు తగ్గాక నాయన ఇంటి గోడలకు అతికించే రాళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు. అప్పుడే డిగ్రీ పాసైన నేను ఆయన పేరుతో ఒక డొమైన్ కొని వెబ్‌సైట్ పెట్టాను. డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో మన అడ్రసు. ఏటా డబ్బు కడితేనే మనది.

ఒకరోజు మెయిల్ వచ్చింది. "గౌరవనీయులైన సీఈఓ గారికి. ఒక కంపెనీ మీ పేరుతో విదేశీ ఇంటర్నెట్ అడ్రసులు తనకు రాసిమ్మంటోంది. మీకు అభ్యంతరముంటే వెంటనే మీరే కొనుక్కోండి. లేదా వాళ్ళకిచ్చేస్తాం."

సీఈఓ అన్న మాటకే సగం పడిపోయాను. మా దుకాణంలో ఉన్నది నాయన, నేను, రాళ్ళు కోసే మిషను.

"నాయనా, నీ పేరు ఎవరో కొట్టేస్తా ఉండారు!"

"యాడ, ఓటరు లిస్టులోనా?"

"ఇంటర్నెట్‌లో."

"పోతే పోనీలేరా. ఆడ నాకు తెలిసినోళ్ళెవరు?"

నాకు మాత్రం అనుమానితుడు వెంటనే దొరికాడు. గిద్దలూరు మామ. అంతకు ముందు నెల ఒక పెళ్ళిలో "నేనూ రాళ్ళ దుకాణం పెడదామనుకుంటుండా" అన్నాడు. ఇంకేం కావాలి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని సామెత. నేను ఎదుటివాడి భుజాలు తడమడానికి బస్సెక్కాను.

"మామా, మా పేరు నీకెందుకు?" గడప దాటకుండానే అడిగాను.

మామ వక్క నములుతూ నిదానంగా చూశాడు. "మీ పేరు నేనేం చేసుకుంటానురా? నా పేరుతోనే వేగలేక చస్తుండా."

"డొమైన్ కొనలేదా నువ్వు?"

"ఏంది, డామేజా? యాడ దొరుకుతాదది, పొదిలి సంతలోనా?"

లోపలినుంచి మామ కూతురు సునీత వదిన వచ్చింది. ఆమె ఆ ఊళ్ళోనే కంప్యూటర్లు నేర్పుతుంది. నా ఫోను లాక్కుని మెయిల్ చదివి, పరీక్ష పేపరు దిద్దే టీచరులా చూసింది.

"డొమైన్ ఎవరి దగ్గర కొన్నావు?"

చెప్పాను.

"మరి ఈ రాసినోడెవడు? నీ పేరు కూడా తెలీదు వీనికి. సీఈఓ అంట! పైగా తొందర పెడతా ఉండాడు. ఇంకోడు కొనే పేరును నీకు ముందు చెప్పి అమ్మేదెవడు? నిన్ను భయపెట్టి అక్కరలేనివన్నీ అంటగడతాడు, అంతే."

"అయితే కంపెనీ?"

"కంపెనీ లేదు, కాకరకాయ లేదు."

మామ వక్క ఉమ్మేసి వచ్చి, "మొత్తానికి నేను దొంగనా, కాదా? ఆ ముక్క తేల్చి అన్నానికి రాండి" అన్నాడు.

సిగ్గుతో తిన్న ఆ చిక్కుడుకాయ కూర రుచి నాకు గుర్తులేదు.

నేర్చుకున్న పాఠాన్ని ఊరికి తిరిగొచ్చాక నిష్ఠగా పాటించాను. డొమైన్ అన్న మాట కనిపిస్తే చాలు, మెయిల్ తెరవకుండానే తుడిచేశాను. "గడువు ముగుస్తోంది", తుడిచేశాను. "చివరి హెచ్చరిక", నవ్వుకుంటూ తుడిచేశాను. కొన్ని నెలలకు ఒక బేరగాడు ఫోన్ చేసి వెబ్‌సైట్ కనబడటం లేదన్నాడు. అప్పుడు తెలిసింది, ఆ మెయిళ్ళు నిజంగానే నేను డొమైన్ కొన్న కంపెనీవని. గడువు దాటి, ఆ తర్వాత కంపెనీ ఓపిక పట్టిన రోజులూ దాటి, పేరు చెయ్యి జారింది. ఈసారి నిజంగానే ఎవరో కొన్నారు.

సునీత వదినకు ఫోన్ చేస్తే మామ ఎత్తాడు.

"ఒరే అల్లుడా, మీ సైటు ఆగిపోయిందని మా పాప కనిపెట్టి, వేరేవాళ్ళ పాలు కాకుండా నా పేరు మీద కొనింది. ఇప్పుడు చెప్పు, మీ పేరు నా దగ్గర ఉండాదా, లేదా?"

"ఉంది మామా."

"మరి అరవవేందిరా? ఆ పొద్దు అంత గట్టిగా అరిచినావు!"

కనుక పాఠకులారా, మార్కాపురం రాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ మెయిల్‌నూ గుడ్డిగా నమ్మను, గుడ్డిగా తుడిచెయ్యను. అందులోని లింకు నొక్కకుండా, డొమైన్ కొన్న చోటికి నేనే వెళ్ళి గడువు చూసుకుంటాను. చుట్టాలను దొంగలని అనను. అనక తప్పకపోతే, కనీసం భోజనం అయ్యాక అంటాను.